ఆర్సీలో ఒక సిలిండరు, బండికి రెండు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఊరు. వయసు 31. ఆరేళ్లు ఖతార్‌లో ఫ్యాబ్రికేషన్ వెల్డర్‌గా చేసి వచ్చి, టెక్కలిలో గ్రిల్స్, గేట్లు చేసే షాపు పెట్టుకున్నాను. 2014 క్లాసిక్ 500 నడుపుతున్నాను. బరంపురంలో ఒక బండి అమ్మకానికి ఉంది. రెండు ఎన్‌ఫీల్డ్ 500 సిలిండర్లు వి ఆకారంలో కలిపి చేసిన 1000 సీసీ వి-ట్విన్. చేసినవాళ్లది చిన్న వర్క్‌షాప్, ఇలాంటివి పది పన్నెండు మాత్రమే చేశారట. ఐదున్నర లక్షలు చెబుతున్నారు. ఆర్సీలో మాత్రం ‘బుల్లెట్ 500, 499 సీసీ’ అనే ఉంది. అడిగితే ‘అదేం ఇబ్బంది కాదు, పేపర్లు క్లియర్’ అంటున్నారు. వీడియోలో సౌండ్ విన్న దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు. అమ్మ, మా ఆవిడ వద్దంటున్నారు. కొనమంటారా?

జవాబు: బాబూ, ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆ బండి కొనకు. వి-ట్విన్ కొనొద్దని కాదు. చిన్న వర్క్‌షాప్ వాళ్లు చేసింది కొనొద్దనీ కాదు. ఆ ఆర్సీతో ఉన్న ఆ బండి కొనకు.

నీ ఉత్తరం పైన కుదించి వేశాను గానీ, అసలు దాంట్లో ‘సౌండ్’ అన్న మాట ఏడుసార్లు ఉంది. లెక్కపెట్టాను. తప్పేం లేదు, నేనూ ఒకప్పుడు అక్కడే పడ్డవాణ్ని. నీ క్లాసిక్‌లో క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి ఫైర్ అవుతుంది. అందుకే ఆ డగ్... డగ్. ఇలాంటి వి-ట్విన్‌లో రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్‌పిన్‌ని పట్టుకుని ఉంటాయి. సిలిండర్ల మధ్య కోణం 55 డిగ్రీలు అనుకో. ఒకటి ఫైర్ అయ్యాక క్రాంక్ 305 డిగ్రీలు తిరిగేసరికి రెండోది ఫైర్ అవుతుంది. మళ్లీ మొదటిదాని వంతు రావడానికి 415 డిగ్రీలు తిరగాలి. ఒక చిన్న ఖాళీ, ఒక పెద్ద ఖాళీ. మన తప్పెటగుళ్లలో దెబ్బలన్నీ గడియారంలా సమంగా పడితే ఎవరైనా కాలు కదుపుతారా? ఊపంతా ఆ ఎగుడుదిగుడులోనే ఉంది. వీడియోలో నిన్ను పట్టుకున్నది అదే.

ఒక సిలిండర్ ఇంజిన్ని రెట్టింపు చేసి వి-ట్విన్ చేయడం పిచ్చివాళ్ల పని అని కొందరు మెకానిక్‌లు నీతో అని ఉంటారు. వాళ్ల మాట పట్టించుకోకు. ఇంగ్లండ్‌లో విన్సెంట్ కంపెనీ 1936లో సరిగ్గా ఈ పనే చేసింది. ఫిల్ ఇర్వింగ్ అనే ఇంజినీరు బల్ల మీద 500 సీసీ ఇంజిన్ డ్రాయింగులు రెండు ఒకదానిమీద ఒకటి వాలుగా పడి ఉంటే, అది చూసి ఆయనకి వి-ట్విన్ ఆలోచన తట్టిందని చెబుతారు. అలా పుట్టిన 998 సీసీ ర్యాపిడ్‌కి ఇప్పటికీ మోజు తగ్గలేదు. దాని బోర్ (సిలిండరు లోపలి వెడల్పు) 84, స్ట్రోక్ (పిస్టన్ కదిలే పొడవు) 90 మిల్లీమీటర్లు. నీ క్లాసిక్ 500ది కూడా అక్షరాలా 84, 90. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను కాసేపు నా బుల్లెట్‌ని అలా చూస్తూ కూర్చున్నాను.

మన కాలంలో ఆస్ట్రేలియా నుంచి పాల్ కార్బెరీ అనే ఆయన ఎన్‌ఫీల్డ్ 500 సిలిండర్లు రెండు తీసుకుని 55 డిగ్రీల వి-ట్విన్ చేశాడు. తర్వాత ఆ పని భిలాయ్‌కి మారింది. మన విజయనగరం మీదుగా వెళ్లే దుర్గ్ రైలు ఎక్కితే చేరే చోటే. అమెరికాలో ఉండే మనవాడు అనికేత్ వర్ధన్ ‘మస్కెట్’ పేరుతో 59 డిగ్రీలది చేశాడు. ఇద్దరూ క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ కూర్చునే ఇంజిన్ కింది పెట్టె, సొంతంగా డిజైన్ చేసుకున్నారు. ఏళ్ల తరబడి చెమటోడ్చారు. నువ్వు పేరు రాసిన వర్క్‌షాప్ ఈ రెండూ కాదు, వాళ్లని చూసి మొదలుపెట్టినది. ఆ పేరు ఇక్కడ వేయడం లేదు. చేతకానివాళ్లని నేననడం లేదు, వీడియోలో ఆ పోత చూస్తే పనివాళ్లే అనిపిస్తోంది.

ఇక ఆర్సీ దగ్గరికి రా.

ఇంజిన్ నంబరు ఉండేది క్రాంక్‌కేస్ మీద. ఆ బండి క్రాంక్‌కేస్ కొత్తగా పోతపోసినది. అంటే ఆర్సీలో ఉన్న పాత బుల్లెట్ నంబరు దాని మీద ఉండే అవకాశం లేదు. ఉందంటే ఎవరో కూర్చుని సుత్తితో పంచ్ చేశారన్నమాట. నంబరు లేకపోతే కాగితాల సమస్య. పంచ్ చేసి ఉంటే పోలీసు కేసు. ‘పేపర్లు క్లియర్’ అన్న మనిషిని ఈ రెండిట్లో ఏదో చెప్పమను.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది: యజమాని అలా మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సైలెన్సర్ మార్చినవాణ్ని ట్రాఫిక్ పోలీసు పట్టుకోవడం నువ్వు రోజూ చూస్తున్నావు. ఇక్కడ మారింది ఇంజిన్.

అది ఒడిశా బండి కూడా. నువ్వు ఇక్కడ ఉంచుకుంటే అక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ తేవాలి, ఏడాది లోపు ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పని మీద శ్రీకాకుళం తీసుకెళ్తావు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఛాసిస్ నంబరు ప్రింట్ తీస్తాడు, తర్వాత ఇంజిన్ నంబరు కోసం వంగుతాడు. కాగితంలో 499, కళ్లెదురుగా రెండు సిలిండర్లు. ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మార్చకుండానే తిప్పుతాను అంటావా? పురుషోత్తపురం సరిహద్దు చెక్‌పోస్ట్ దగ్గర నీ అదృష్టం ఎన్నాళ్లు నిలబడుతుందో నువ్వే చూసుకో.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా తమాషా. 350 సీసీ దాటిన బండ్లన్నిటికీ థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే, 2022 రేటు ప్రకారం ఏడాదికి 2,804 రూపాయలు. 499కీ అంతే, 998కీ అంతే. కాబట్టి ‘ఇన్సూరెన్స్ ఉంది, రెన్యూ అవుతోంది’ అని అమ్మేవాడు అన్నది అబద్ధం కాదు. కట్టేటప్పుడు ఎవరూ వచ్చి సిలిండర్లు లెక్కపెట్టరు. క్లెయిమ్ వచ్చిన రోజు సర్వేయర్ లెక్కపెడతాడు. నరసన్నపేట బైపాస్‌లో నువ్వు ఎవరినైనా గుద్దావనుకో, బండి ఖర్చు పోతే పోనీ, అవతలివాడికి ఇచ్చే లక్షలు కూడా నీ షాపు మీదకొచ్చే ప్రమాదం ఉంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇది, బాబూ. సౌండ్ కాదు.

మరి చిన్న కంపెనీ బండి చట్టబద్ధంగా కొనడం కుదరదా అంటే, కుదురుతుంది. ఆర్సీలో తయారీదారు పేరు దగ్గర ఆ చిన్న కంపెనీ పేరే ఉండాలి, సీసీ దగ్గర అసలు సీసీ ఉండాలి. అలా ఉండాలంటే వాళ్లు ఒక బండిని పుణెలోని ఏఆర్‌ఏఐకో, మానేసర్‌లోని ఐక్యాట్‌కో (రెండూ వాహనాల్ని పరీక్షించే సంస్థలు) పంపి పరీక్షలు చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వ నియమం అది. 2020 ఏప్రిల్ 1 తర్వాత కొత్తగా రిజిస్టర్ అయ్యేదైతే బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) అయి తీరాలి. గాలికి చల్లబడే పాతకాలపు 500 హెడ్లు రెండు పెట్టి బీఎస్-6 దాటడం చిన్న వర్క్‌షాప్‌కి ఎంత కష్టమో ఆలోచించు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండి మీద జీఎస్టీ 40 శాతం. చిన్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారంటే చేతకాక కాదు. అందుకే కొందరు బండి అమ్మడం మానేసి, ఇంజిన్ ఒక్కటే అమ్మి ‘మీ ఫ్రేమ్‌లో బిగించుకోండి’ అంటారు. బిగించుకున్నవాడి నెత్తిమీద సెక్షన్ 52 కూర్చుంటుంది. నువ్వు చూస్తున్నది ఆ రకమేనని నా అనుమానం.

సరే, కాగితాలు పక్కన పెట్టి యంత్రం మాట్లాడుకుందాం, అందులోనే నాకు సరదా. నా సొంత కథ ఒకటి చెబుతాను.

2011లో నేనొక బండి కొన్నాను. వి-ట్విన్ కాదు, బుల్లెట్ ఇంజిన్‌కే కొన్ని కేసులు సొంతంగా పోసుకుని వేరే రాష్ట్రంలో ఒక చిన్న వర్క్‌షాప్ చేసింది. ఏడాది రాజాలా తిరిగింది. ఒక ఆదివారం అరకు నుంచి దిగి ఎస్.కోట దగ్గర టీకి ఆగితే ఎడమ బూటు మీద నూనె. వంగి చూస్తే షాఫ్ట్ దగ్గర ఆయిల్ సీల్ పోయింది. సీల్ అంటే ఎంత, నలభై రూపాయల సరుకు. మర్నాడు దాన్ని ఊడదీసి విజయనగరంలో బేరింగుల షాపుకి పట్టుకెళ్లాను. షాపాయన గుడ్డతో తుడిచి అంచు మీద అంకెల కోసం వెతికాడు. సీల్ మీద మామూలుగా మూడు అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. దీని మీద అవి లేవు. వెర్నియర్ పెట్టాడు. లోపల 25. బయట 51. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. ‘52 సీల్ తెచ్చి అంచు రుద్ది కూర్చోబెట్టారండి’ అన్నాడు. హౌసింగ్ బోర్ చేసినవాడి చేతిలో ఒక మిల్లీమీటర్ తగ్గింది, ఎమరీ పేపర్‌తో సర్దేశాడు. అంతే కథ.

ఫోన్ చేస్తే రెండుసార్లు ‘పంపిస్తున్నాం సార్’ అన్నారు. మూడోసారి స్విచాఫ్. కేసు మొత్తం విప్పి, లేత్ మీద హౌసింగ్‌ని 52కి బోర్ చేయించేసరికి మూడు వారాలు, నాలుగు వేల పైన. సీల్ నలభై రూపాయలే.

వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల చేతికి తెలిసిన కొలతలు ఏ కాగితం మీదా లేవు, అదొక్కటే బాధ. చిన్న కంపెనీ బండి కొంటే నువ్వు కొనేది ఆ మనిషి జ్ఞాపకశక్తిని కూడా. ఆయన నంబరు మార్చినా, ఊరు మారినా, ఇక చాలు అనుకున్నా, నీ బండి సగం పోయినట్టే. విన్సెంట్ 1955లో మోటారుసైకిళ్లు ఆపేసింది. అయినా ఇవాళ్టికీ ఆ బండ్లు తిరుగుతున్నాయంటే డ్రాయింగులు మిగిలాయి, సొంతదారులంతా క్లబ్బుగా కూడి స్పేర్లు చేయించుకుంటున్నారు. పన్నెండు బండ్లకి క్లబ్బు ఎక్కడుంటుంది?

అందుకే ఎప్పుడైనా, ఎవరి దగ్గరైనా ఇలాంటి బండి కొనేటప్పుడు ఒక్క కాగితం అడుగు. బేరింగుల నంబర్లు, సీళ్ల కొలతలు, చైను సైజు, క్లచ్ ప్లేట్లు ఏ బండివో రాసిన కాగితం. 6205 అని రాసి ఉంటే చాలు, 25-52-15 అని బేరింగుల షాపులో కుర్రాడు కూడా చెబుతాడు, ఐదు నిమిషాల్లో చేతిలో పెడతాడు. ఆ కాగితం ఇవ్వగలిగినవాడు లెక్కగా పని చేసినవాడు. ‘ఏదైనా వస్తే మాకు ఫోన్ చేయండి’ అన్నవాడి దగ్గర కాగితం లేదని అర్థం. పిస్టన్, వాల్వులు, రాకర్లు ఎన్‌ఫీల్డ్ 500వే కాబట్టి దొరుకుతాయి, కానీ మన దేశంలో 500 అమ్మకం 2020లోనే ఆగిపోయింది, అవీ ఏటేటా తగ్గేవే. క్రాంక్, క్యామ్‌లు, కేసు మాత్రం ఆ వర్క్‌షాప్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు.

బలం లెక్క కూడా చూడు. నీ క్లాసిక్ 500 టార్క్ 41 న్యూటన్ మీటర్లు చిల్లర. రెండు సిలిండర్లంటే సుమారు 82. ఒకదాని కోసం చేసిన క్లచ్, గేర్లు, చైను, వెనక హబ్ మీద రెట్టింపు భారం. వాటిలో వేటిని మార్చారు, వేటిని అలాగే ఉంచారు అన్నది అడగాల్సిన ప్రశ్న. ఇక వెనక సిలిండరు. ముందుదాని చాటున ఉంటుంది, గాలి తక్కువ తగులుతుంది, వేడి నీ తొడకి తగులుతుంది. హైవే మీద పర్వాలేదు. మే నెల మధ్యాహ్నం శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో బస్సుల మధ్య ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది.

నీకు నాకన్నా బాగా తెలిసిన సంగతి ఒకటుంది, ఫ్రేమ్. రెండు సిలిండర్లు పట్టాలంటే ఫ్రేమ్‌ని కోసి పొడిగించి ఉంటారు. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర, ఇంజిన్ పట్టీల దగ్గర వెల్డింగులు చూడు. ఖతార్‌లో పైపు జాయింట్లకి డీపీ టెస్ట్ చేసే ఉంటావు. ఎర్ర రంగు కొట్టి, ఆగి, తుడిచి, తెల్లది కొడితే పగులు ఉన్నచోట ఎర్రగీత పైకి తేలుతుంది కదా. ఆ డబ్బాల సెట్టు పట్టుకెళ్లు. పెయింట్ కొద్దిగా గీకాల్సి వస్తుంది, ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపెయ్. వి-ట్విన్ వణుకు ఎక్కువ. 90 డిగ్రీలదైతే చాలావరకు సర్దుకుంటుంది, 55 దగ్గర సర్దుకోదు. ఆ వణుకు మొదట వెల్డింగునే వెతుక్కుంటుంది.

ఇప్పుడు నీ ఐదున్నర లక్షల సంగతి. నాకు నచ్చే దారి ఎన్‌ఫీల్డ్ 650. ఇంటర్‌సెప్టర్‌లో రెండు సిలిండర్లు పక్కపక్కన ఉంటాయి, వి ఆకారం కాదు. ‘ఛీ’ అనకు, ఆగు. దాని క్రాంక్‌ని 270 డిగ్రీల తేడాతో చేశారు. ఫైరింగు మధ్య ఖాళీలు 270, 450. 90 డిగ్రీల వి-ట్విన్‌కి ఉండేవీ సరిగ్గా అవే. కళ్లు మూసుకుని విను, ఆ తప్పెట దెబ్బ దాంట్లోనూ ఉంది. 648 సీసీ, 47 హార్స్‌పవర్, ఆర్సీలో ఉన్నదే బండిలో ఉంటుంది, నీ డబ్బులో మిగులు కూడా ఉంటుంది. వి ఆకారం కళ్లకి కనబడాల్సిందే అంటే సెకండ్ హ్యాండ్‌లో హార్లే స్ట్రీట్ 750 ఉంది, 60 డిగ్రీల వి-ట్విన్, హర్యానాలోని బావల్‌లో తయారైంది. 2020లో ఆగిపోయిన మోడల్ కాబట్టి స్పేర్లు ముందు విచారించుకో. కీవే వి302సి అని 298 సీసీ చిన్న వి-ట్విన్ కూడా 2022లో వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది గానీ 500 నడిపినవాడికి ఆనుతుందా అన్నది నా సందేహం.

అమ్మ, మీ ఆవిడ వద్దంటున్నారని రాశావు. ఎందుకు వద్దంటున్నారో రాయలేదు. డబ్బు గురించా, స్పీడు గురించా, షాపు వదిలేసి బండి చుట్టూ తిరుగుతావనా? అడిగి తెలుసుకో. మా ఇంట్లో ఆ మూడు వారాలూ వరండాలో గేర్‌బాక్సు పరుచుకుని కూర్చున్నప్పుడు మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ముగ్గు మాత్రం దాని చుట్టూ వేసింది.

ఇంత చెప్పినా నువ్వు బరంపురం వెళ్లి చూడక మానవని తెలుసు. గంటన్నర దారి, పైగా సౌండ్ పిలుస్తోంది. వెళ్లు. డబ్బు మాత్రం వెంట పట్టుకెళ్లకు, అడ్వాన్సు కూడా వద్దు. ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే నువ్వొచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి టిఫినుకి వెళ్లిపో. వచ్చాక ఇంజిన్ నంబరు ఉన్నచోట తుడిచి, టార్చి పక్కనుంచి కొట్టి ఫోటో తియ్యి. అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో ఉన్నాయా, చుట్టూ లోహం రుద్దినట్టుందా చూడు. ఆర్సీ ఫోటో కూడా తియ్యి. రెండూ నాకు పంపు. ఇదంతా స్టార్ట్ చేయకముందే జరగాలి. ఒకసారి స్టార్ట్ చేశాక నువ్వేం చెప్పినా నేను నమ్మను.